చర్చ: ఏ సిగరెట్ ఎందుకు వెలిగిస్తున్నామో తేల్చుకోకుండా మానేస్తే ఎక్కడ దెబ్బతింటాం?

కాగితంపులి:
అడిగితే అందరూ చెప్పే కారణం "టెన్షన్". దాంతో పని జరగదు. మానే తేదీకి ముందు నాలుగు రోజులు పెట్టె చుట్టూ ఓ కాగితం రబ్బరు బ్యాండుతో బిగించండి. వెలిగించక ముందే టైము, చేస్తున్న పని, ఎంత గట్టిగా కావాలనిపించిందో 1 నుంచి 5 లోపు మార్కు రాయాలి. తాగాక రాస్తే మనసు సాకులు అల్లేస్తుంది. 5 పడ్డవి ఒళ్ళు అడిగినవి. 2 పడ్డవి చెయ్యి అడిగినవి.

చిగురు_4:
ముందు ఆ కాగితంలో పొద్దుటి మొదటి టైము చూడండి. రక్తంలో నికోటిన్ సుమారు 2 గంటలకోసారి సగమవుతుంది, తెల్లారేసరికి అడుగంటుతుంది. లేచిన 30 నిమిషాల్లోపే మొదటిది పడుతోందంటే నికోటిన్ గమ్ 4 మి.గ్రా., లేదంటే 2 మి.గ్రా. చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్ అయితే, రోజుకి 10 సిగరెట్లు దాటినవాళ్ళకి 21 మి.గ్రా. ఆరు వారాలు, తర్వాత 14, 7 రెండేసి వారాలు. పిచ్చి కలలొస్తుంటే రాత్రి తీసేయొచ్చు.

నిదానం:
గమ్ పనిచెయ్యలేదనేవాళ్ళలో చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేస్తారు. నికోటిన్ ఎక్కాల్సింది నోటి లోపలి పొర నుంచి. గబగబా నమిలి మింగితే కడుపులోకి పోయి ఎక్కిళ్ళు, మంట. మెల్లగా నమిలి, చురుక్కుమనగానే ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్య దోపాలి. చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. ఇలా అరగంట. కాఫీ, కూల్‌డ్రింకు, పళ్ళరసం తాగి 15 నిమిషాలైనా కాకుండా వేసుకోకండి. పులుపు ఉన్న నోట్లో నికోటిన్ సరిగా ఇంకదు.

అర్ధరాత్రికాఫీ:
కాఫీ మాట వచ్చింది కాబట్టి. పొగలోని హైడ్రోకార్బన్లు లివర్లో కెఫీన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని పెంచుతాయి. పొగ ఆగితే అది తగ్గి, అవే కప్పులకి రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపవుతుంది. చేతుల వణుకు, నిద్రపట్టకపోవడం చూసి "సిగరెట్ లేక" అనుకుని మళ్ళీ అంటిస్తారు. కప్పులు సగానికి తగ్గించండి. క్లోజపిన్ (మానసిక జబ్బు మందు), థియోఫిలిన్ (ఆస్తమా మందు) వాడేవాళ్ళు తేదీ పెట్టుకునే ముందే డాక్టరుకి చెప్పాలి, డోసు మార్చాల్సి రావచ్చు.

కాగితంపులి:
టెన్షన్ సంగతి: సిగరెట్ దించే చిరాకులో చాలావరకు దాని ముందు సిగరెట్ పెట్టి పోయిందే. అయితే కుర్చీలోంచి లేచి బయటికెళ్ళడం, గుండెనిండా గాలి పీల్చడం నిజంగానే హాయినిస్తాయి. ఆ బ్రేక్ మానకండి. యావ ఎంత గట్టిదైనా కొద్ది నిమిషాలే.

నిదానం:
2 మార్కువాటిని చులకన చెయ్యకండి. ఒంటి బాధ మొదటి మూడు రోజుల్లో ముదిరి, మూడు నాలుగు వారాల్లో సద్దుమణుగుతుంది. అప్పటిదాకా పడగొట్టేవి 5లు. ఆ తర్వాత పడగొట్టేవి ఇవే: ఫోన్ పట్టుకుని అటూఇటూ నడుస్తున్నప్పుడు, మందు పార్టీలో పక్కవాడు పెట్టె చాపినప్పుడు. వీటికి గమ్ ఒక్కటే చాలదు. ఫోన్ కూర్చుని మాట్లాడండి, మొదటి నెల మందు జోలికి వెళ్ళకండి, చెయ్యి చాపేలోపు నోట్లోంచి రావాల్సిన "నేను తాగను" ముందే అనుకుని ఉంచుకోండి. "మానే ప్రయత్నంలో ఉన్నా" అంటే బతిమాలడం మొదలెడతారు.