అప్‌డేట్: 200 మీటర్ల పరుగులో 4వ లేన్ గొడవ, తప్పు దొరికింది

అనంతపురం దగ్గర స్కూలు మీట్‌లో ప్రతి హీట్‌లోనూ (తొలి రౌండు పరుగులోనూ) 4వ లేన్ పిల్లలే వెనకబడుతున్నారు, గీతలు తప్పా అని అడిగాను కదా. టేపు పట్టి కొలిచాం. తప్పే.

ఆ ట్రాక్ చుట్టుకొలత 200 మీటర్లు. అంటే 200 పరుగులో రెండు మలుపులూ వస్తాయి. మలుపులో బయటి లేన్ పొడవు ఎక్కువ, అందుకే దాని మొదలు గీతను ముందుకు జరపాలి. సున్నం వేసినవాళ్లు 400 మీటర్ల ట్రాక్ పట్టిక చూసి, ఒక్క మలుపుకు సరిపడే 11.19 మీటర్లే 4వ లేన్‌ను ముందుకు జరిపారు. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. లోపల గట్టు లేదు, ఉన్నది సున్నపు గీతే, అందుకని 1వ లేన్‌నూ మిగతావాటిలాగే కొలవాలి. కాబట్టి లేన్‌కు 2 × 3.1416 × 1.22, అంటే 7.67 మీటర్లు, 1వ లేన్ నుంచి మూడు లేన్ల అవతల ఉన్న 4వ లేన్‌కు 23 మీటర్లు. ట్రాక్ చిన్నదైనా పెద్దదైనా ఒక పూర్తి చుట్టుకు ఇదే లెక్క (మొదట నమ్మబుద్ధి కాలేదు). పాపం, ఆ పిల్లలు దాదాపు 11.8 మీటర్లు అదనంగా పరిగెత్తారు.

ఇది కొలిచేటప్పుడు టేపు గీత మీద తిప్పకండి, ఆ లేన్ లోపలి గీతకు 20 సెంటీమీటర్లు బయటగా తిప్పాలి. లేదంటే 4వ లేన్‌కు జానెడు లాభం వస్తుంది.

అభ్యంతరం ఉంటే ఫలితం ప్రకటించిన 30 నిమిషాల్లోపు రెఫరీకి చెప్పాలి. ఆ గడువు దాటింది, పతకాలు మారలేదు. గీతలు మాత్రం చెరిపి మళ్లీ వేశారు.