జపాన్‌లో ఇంతమంది సుజుకీలు ఎక్కడి నుంచి వచ్చారు?

తోక్యో_తెనాలి: మా విభాగంలో ముగ్గురు సుజుకీలు. ఒకరిని పిలిస్తే ముగ్గురూ తలెత్తుతారు. ఈ ఇంటిపేరు పుట్టిల్లు ఎక్కడ? అంతా ఒకే వంశమా? కారు కంపెనీకి చుట్టాలా? వేర్వేరుగా ఎలా పిలవాలి?

కొండదారి: వకయామాలోని కైనాన్‌లో ఫుజిషిరో గుడికి వెళ్లండి. కుమనో యాత్ర దారిలోనే ఉంటుంది, పక్కనే సుజుకీల పాత లోగిలి. వరి పనల కుప్పకు అక్కడివాళ్లు వాడే మాట నుంచి ఈ పేరు వచ్చిందంటారు. కుమనో దేవుళ్ల మహిమ చెప్పుకుంటూ ఈ కుటుంబంవారు తూర్పు ఊళ్లకు వెళ్లారు, పేరూ వెంట పాకింది.

పాతరికార్డు: గుడి కథలు వద్దు. ఏళ్లుగా ఈ విషయమే చదువుతున్నాను. 1875లో మెయిజీ ప్రభుత్వం ఇంటిపేరు తప్పనిసరి చేసేదాకా రైతుకు ఇంటిపేరే లేదు. అప్పుడు దొరికిన పెద్దింటి పేరు తగిలించుకున్నారు.

నాగోయా_కోడలు: ఏళ్లుగా చదివింది ఇదేనా? మెయిజీకి ముందటి ఎదో కాలపు రైతుకు లేనిది ఇంటిపేరు కాదండీ, దాన్ని సర్కారు కాగితంలో రాసుకునే హక్కు. గుడి చందా జాబితాల్లో ఇంటిపేర్లతోనే కనిపిస్తారు. 1870లో అనుమతిచ్చినా జనం కదల్లేదు. సైన్యానికి మనుషుల లెక్క కావాలి కాబట్టి 1875లో బలవంతం చేశారు.

పాతరికార్డు: చందాలిచ్చింది ఊరి పెద్దలు. కూలివాళ్ల సంగతి చెప్పండి.

నాగోయా_కోడలు: "రైతుకు ఇంటిపేరే లేదు" అన్నది మీరు. ఇప్పుడు కూలివాళ్ల వెనక దాక్కుంటున్నారు.

మారుతి800: కొట్టుకోవడం ఆపితే కారు సంగతి చెబుతాను. మిచియో సుజుకీ 1909లో హమామత్సులో మగ్గాల తయారీతో మొదలుపెట్టారు. తర్వాత ఆ కంపెనీ పెద్దగా మారుతితో చేయి కలిపిన ఒసాము సుజుకీ పుట్టుకతో మత్సుదా! మిచియో మనవరాలిని చేసుకుని ఆ ఇంటిపేరు పెట్టుకున్నారు.

కృష్ణాతీరం: ఇల్లరికం వెళితే ఇంటిపేరు కూడా వదులుకోవాలా? మా బాబాయి ఇల్లరికం వెళ్లి మామగారి పొలమంతా చూసుకున్నాడు, ఇంటిపేరు జోలికి మాత్రం ఎవరినీ రానివ్వలేదు.

నాగోయా_కోడలు: అక్కడ అల్లుడిని దత్తత కూడా తీసుకుంటారు. మామూలు పెళ్లిళ్లలో మార్చుకునేది దాదాపు ఎప్పుడూ భార్యే. 1898 నుంచీ దంపతులకు ఒకే ఇంటిపేరని చట్టం.

పాతరికార్డు: ఆ చట్టం మారకపోతే 2531కి జపానంతా సాతో అనే ఇంటిపేరువాళ్లే మిగులుతారని తొహొకు విశ్వవిద్యాలయ ఆచార్యులు ఒకరు 2024లో లెక్కగట్టారు. ఇప్పటికే సాతోలదే మొదటి స్థానం, సుజుకీలది రెండోది.

కొండదారి: అడిగింది సుజుకీల గురించి.

మారుతి800: జపాన్‌లో సంతకానికి బదులు వేసే పేరు ముద్ర ఉంటుంది కదా, నూరు యెన్ల దుకాణంలో సుజుకీ ముద్ర సిద్ధంగా దొరుకుతుంది. నాది చెక్కించుకోవడానికి వారం పట్టింది, అదీ ఒక అక్షరం ఎగిరిపోయింది.

తోక్యో_తెనాలి: ఎలా పిలవాలో ఎవరూ చెప్పలేదు.

కృష్ణాతీరం: మా ఆఫీసులో మూడో అంతస్తు సుజుకీ గారు, లెక్కల సుజుకీ గారు అంటారు. వాళ్లూ అలాగే పలుకుతారు.