స్క్రిప్టును ఎవరు నడిపారో పేరెంట్ ప్రాసెస్‌ల వరుసను బట్టి తేల్చవచ్చా?

నల్లతెర:
మా లినక్స్ సర్వర్‌లో పాత లాగ్‌లను తుడిచేసే షెల్ స్క్రిప్టు ఉంది. రాత్రి క్రాన్ (వేళకు పనులు మొదలుపెట్టే ప్రోగ్రాము) నడిపితే అడగకుండా తుడవాలి, ఎవరైనా టెర్మినల్‌లో నడిపితే ముందు అడగాలి. అందుకని స్క్రిప్టే తన పేరెంట్ (తనను మొదలుపెట్టిన ప్రాసెస్) నుంచి సిస్టమ్‌లో మొట్టమొదటిదైన ఒకటో నంబరు ప్రాసెస్ దాకా వెతుక్కుంటూ వెళ్లి, దారిలో క్రాన్ కనిపిస్తే తుడిచేలా రాశాను. సహోద్యోగి ఇది సరైన పద్ధతి కాదంటున్నారు. మీరేమంటారు?

గట్టుమీద:
ఇందులో తప్పేముందండీ? ప్రాసెస్‌ల వరుసను చూపే పీఎస్‌ట్రీ కమాండ్‌కు ఎస్, పీ ఆప్షన్లతో ప్రాసెస్ నంబరు ఇవ్వండి. డెబియన్‌లో అయితే క్రాన్, దాని కింద మరో క్రాన్, ఆ కింద ఎస్‌హెచ్ అనే షెల్, చివర మీ స్క్రిప్టు వస్తాయి. కళ్లెదుట కనిపిస్తున్నదాన్ని నమ్మకపోతే ఎలా?

రెండో షిఫ్టు:
గట్టుమీద గారూ, కనిపించేది ఈ క్షణంలో ఉన్న వరుస మాత్రమే. మధ్యలో ఒక పేరెంట్ ముగిసిపోతే దాని పిల్ల ప్రాసెస్ ఒకటో నంబరుకో, సబ్‌రీపర్‌గా (పేరెంట్ పోయిన ప్రాసెస్‌లను చేరదీసేదిగా) నమోదైన మరో ప్రాసెస్‌కో చేరుతుంది. పాత జాడ అక్కడితో పోతుంది. బాష్ షెల్‌లో పేరెంట్ నంబరు ఉంచే పీపీఐడీ వేరియబుల్‌నూ నమ్మలేం. షెల్ మొదలైనప్పటి విలువే అందులో ఉంటుంది, పేరెంట్ పోయినా మారదు. ఆ నంబరును కెర్నెల్ ఈలోగా వేరే ప్రాసెస్‌కు ఇచ్చి ఉండవచ్చు.

గట్టుమీద:
అది బ్యాక్‌గ్రౌండ్‌లోకి పంపిన పనుల సంగతి. ఇక్కడ స్క్రిప్టు ముగిసేదాకా క్రాన్ పిల్ల ప్రాసెస్ దాని కోసం ఆగే ఉంటుంది. వరుస తెగదు.

రెండో షిఫ్టు:
నిజమే, ఇప్పటికి తెగదు. రేపు ఈ పనిని ఎవరైనా క్రాన్ బదులు వాడే సిస్టమ్‌డీ టైమర్‌కు మారిస్తే? వరుసలో క్రాన్ ఉండదు. స్క్రిప్టు అర్ధరాత్రి ప్రశ్న అడుగుతుంది, జవాబిచ్చే మనిషి ఉండడు, లాగ్‌లు పేరుకుని డిస్కు నిండుతుంది. తుడవడానికి అనుమతి నడిపించేవారే స్పష్టంగా ఇవ్వాలి. క్రాన్ పనుల పట్టిక అయిన క్రాన్‌ట్యాబ్‌లోనే ‘అడగవద్దు’ అనే అర్థం వచ్చే ఆప్షన్ రాయండి. అది లేకుంటే స్క్రిప్టు అడగాలి. అడగడానికి టెర్మినల్ కూడా లేకుంటే ఏమీ తుడవకుండా ఎర్రర్ కోడ్‌తో ఆగిపోవాలి.

నల్లతెర:
మరి ఎవరు నడిపారో తర్వాత తెలుసుకోవాలంటే?

రెండో షిఫ్టు:
అందుకు మీ వరుస చక్కగా పనికొస్తుంది, లాగ్‌లో రాయించండి. పేరెంట్ నంబరు కోసం ప్రాక్‌లోని (ప్రాసెస్‌ల వివరాలుండే డైరెక్టరీ) స్టాట్ ఫైలులో నాలుగో గడి మాత్రం తీసుకోవద్దు. ప్రాసెస్ పేరులో ఖాళీ ఉంటే గడులు జరిగిపోతాయి. స్టేటస్ ఫైలులో పేరెంట్ నంబరుకు విడిగా ఒక లైను ఉంది, అది చదవండి. పక్కనే లాగిన్‌యూఐడీ (మొదట లాగిన్ అయిన యూజర్ నంబరు) కూడా రాయించండి. లాగిన్ అయినప్పుడు పడిన ఆ నంబరు సుడో కమాండ్‌తో రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) అయినా, పేరెంట్ పోయినా అలాగే ఉంటుంది. సిస్టమ్‌డీ సర్వీసు అయితే ప్రాక్‌లోనే ఉండే సీగ్రూప్ ఫైలులో యూనిట్ (ఆ సర్వీసు) పేరే దొరుకుతుంది.