గుండె అడ్డుగోడకు ఆల్కహాలా, జిగురా, కాయిలా?

రాజోలు మేనల్లుడు:
మా మావయ్యకి 61 ఏళ్లు. గుండె గదుల మధ్య గోడ మందమెక్కి, రక్తం బయటికి వెళ్లే దారికి అడ్డుపడుతోంది. బీటా బ్లాకర్లు వాడుతున్నా ఏటిగట్టు ఎక్కితే ఆయాసం. ఆ అడ్డుకి ఇటూ అటూ రక్తపు ఒత్తిడిలో తేడా, అదే గ్రేడియంట్, 80. ఆ గోడకు రక్తమిచ్చే కొమ్మలోకి ఆల్కహాల్ ఎక్కిస్తామన్నారు. ఆ కొమ్మను మూయడానికి కాయిల్ (సన్నని లోహపు చుట్ట), జిగురు కూడా ఉన్నాయట కదా, ఆల్కహాల్ పాతబడిపోయిందా?

కాకినాడ క్యాథ్‌ల్యాబ్:
పాతదేనండి, అదే దాని బలం. 1994లో లండన్‌లో సిగ్వార్ట్ మొదలుపెట్టారు. అప్పటినుంచి చేయించుకున్నవాళ్లు ఏళ్ల తర్వాత ఎలా ఉన్నారో లెక్కలున్నాయి. 1 నుంచి 3 మి.లీ. చాలు. అది నాళాన్ని మూయడమే కాదు, కండరాన్ని నేరుగా చంపుతుంది. కాయిల్ నాళాన్ని మూసి ఊరుకుంటుంది. కాలువకు అడ్డుకట్ట వేసినా పక్క బోదె నుంచి చేలోకి నీళ్లు చేరినట్టు, చిన్న కొమ్మల గుండా రక్తం మళ్లీ రావచ్చు. అప్పుడు గ్రేడియంట్ తగ్గాల్సినంత తగ్గదు.

ముక్తేశ్వరం:
అన్నా, ఆల్కహాల్ తర్వాత సుమారు పదిమందిలో ఒకరికి హార్ట్ బ్లాక్ (గుండెను కొట్టించే కరెంటు సంకేతం ఆగిపోవడం) వచ్చి పేస్‌మేకర్ పెట్టాల్సొస్తోంది. అది కొన్ని రోజులాగి కూడా రావచ్చు. లంకలో ఉండేవాడికి అర్ధరాత్రి పడవ ఎవరు కడతారు? పైగా ఆల్కహాల్ పక్క నాళంలోకి జారితే అక్కడా గుండెపోటే. జిగురైతే రక్తం తగలగానే గట్టిపడుతుంది, అంత దూరం పోదు.

కాకినాడ క్యాథ్‌ల్యాబ్:
జారకుండా బెలూన్ ఉబ్బించి, ముందు ఎకోలో కాంట్రాస్ట్ (స్కాన్‌లో కనబడే ద్రవం)తో ఆ కొమ్మ ఎక్కడికి వెళ్తోందో చూసుకున్నాకే ఎక్కిస్తారు. జిగురుకీ టెన్షన్ ఉంది: క్యాథెటర్ (నాళంలోకి పంపే సన్నగొట్టం) కొస అంటుకుపోవచ్చు, గట్టిపడ్డాక వెనక్కి తీసేదేమీ లేదు. నాళం మూసే ఆనిక్స్ అనే ద్రవానికి దాని ద్రావకాన్ని తట్టుకునే క్యాథెటరే కావాలి. వీటిమీద వచ్చిన అధ్యయనాలు చిన్నవి, తక్కువమంది మీద చేసినవి. నన్నడిగితే ముందు ఈసీజీ చూడాలి. గుండెలో కరెంటు మోసే తీగల్లాంటివి రెండుంటాయి, వాటినే బండిల్స్ అంటారు. ఆల్కహాల్ ఎక్కువగా కుడి బండిల్‌ను దెబ్బతీస్తుంది. ఎడమ బండిల్ ముందే పోయి ఉంటే పూర్తి బ్లాక్ భయం చాలా ఎక్కువ.

ముక్తేశ్వరం:
ఈసీజీ మాట ఒప్పుకుంటాను. ముప్పై ఏళ్ల కుర్రాడైతే మాత్రం వీటిలో ఏదీ వద్దంటాను, అనుభవమున్న సర్జన్ దగ్గర కండరం కోయించడమే మేలు. మావయ్యకి ఆల్కహాలే అయితే డిశ్చార్జికి తొందరపెట్టకండి. తర్వాత కూడా కొన్నాళ్లు టౌన్‌లో చుట్టాలింట్లో ఉంచండి.

రాజోలు మేనల్లుడు:
పాత ఈసీజీలన్నీ ఇంట్లో ఉన్నాయండి. ఎడమ బండిల్ సంగతి డాక్టరుగారినే అడిగి, ఆ తర్వాతే సరే అంటాం.