సిస్టర్ రోసెట్టా థార్ప్ సంగీత జీవితం గురించి

ప్రశ్న (గుణుపురం నుంచి):
మా చెల్లెలు ఇక్కడి చర్చిలో తెలుగు, ఒడియా, సవర పాటలకు గిటారు వాయిస్తుంది. ఎలక్ట్రిక్ గిటారు పట్టినప్పటి నుంచి, అది మగపిల్లల వాద్యమని కొందరు పెద్దలు సణుగుతున్నారు. రాక్ సంగీతానికి బాట వేసినవారిలో ఒక మహిళ ఉన్నారని విన్నాను. వివరాలు తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (పర్లాకిమిడి నుంచి):
మీరు విన్నది సిస్టర్ రోసెట్టా థార్ప్ గురించే అయి ఉంటుందండీ. 1915లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో పుట్టిన ఆమె, మాండలిన్ వాయిస్తూ సువార్త చెప్పే తల్లి వెంట చిన్ననాటి నుంచే సభల్లో పాడారు. 1938లో డెక్కా రికార్డుల సంస్థకు పాడి, భక్తిగీతాలను నైట్‌క్లబ్బుల్లోనూ వినిపించడంతో చర్చి వర్గాల్లో చాలామంది నొచ్చుకున్నారు. సణుగుడు ఆమెకూ తప్పలేదన్నమాట! 1944లో రికార్డు చేసిన ‘స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే’ మరుసటి ఏడు బిల్‌బోర్డ్ అనే సంగీత పత్రిక వారి నల్లజాతి సంగీత పట్టికలో 2వ స్థానానికి చేరింది. తొలి రాక్ అండ్ రోల్ రికార్డు అదేనని వాదించేవారున్నారు. నా మొగ్గూ అటే.

జవాబు (బరంపురం నుంచి):
1964లో మాంచెస్టర్‌లో, రైళ్లు ఆగడం మానేసిన ఒక స్టేషన్లో జరిగిన టీవీ కచేరీని తప్పక చూపించండి. శ్రోతలు ఒక ప్లాట్‌ఫారంపై, ఆమె ఎదుటి ప్లాట్‌ఫారంపై. తడిసిన నేల మీద కోటు వేసుకుని నిలబడి, తెల్లని గిబ్సన్ గిటారును అవలీలగా పలికిస్తారు.

జవాబు (రాయగడ నుంచి):
ఆమె తరచుగా ఓపెన్ డి శ్రుతిలో (మెట్లు నొక్కకుండా తీగలన్నీ మీటితేనే డి మేజర్ కార్డ్ పలికే అమరికలో) వాయించేవారు కనుక, మీ చెల్లెలు తీగలను లావు తీగ నుంచి వరుసగా డి, ఎ, డి, ఎఫ్ షార్ప్, ఎ, డి గా సరిచేసుకుని సాధన చేస్తే ఆ వరుసలు చేతికి సులువుగా వస్తాయి. 1973లో కన్నుమూసిన ఆమెకు రాక్ సంగీత ప్రముఖులను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు 2018లో గాని దక్కలేదని ఆ పెద్దలకూ చెప్పండి.