లిఫ్ట్ లేకుండా ఇంట్లో రాడ్ బేరింగులు మార్చడం సబబేనా?

పాతబండి:
నా కారుది నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిను. ఈసారి ఆయిల్ మార్చినప్పుడు పాత ఫిల్టరును కోసి, లోపలి కాగితం మడతలు విప్పి చూశాను. రాగి రంగు పొడి మెరుస్తోంది. అయస్కాంతం దగ్గరికి తెస్తే కదల్లేదు కాబట్టి ఇనుము కాదు. ఇంజినులో శబ్దం లేదు, వేడి మీద కూడా ఆయిల్ ప్రెషర్ దీపం వెలగడం లేదు. కారును పైకెత్తే లిఫ్ట్ ఇంట్లో లేదు. చదునైన కాంక్రీటు నేల, నాలుగు స్టాండ్లు, బిగింపు బలం కొలిచే మంచి టార్క్ రెంచ్ ఉన్నాయి. సంప్ (ఇంజిను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి కింది నుంచే రాడ్ బేరింగులు (పిస్టన్ రాడ్‌ను క్రాంక్ అనే ఇరుసుకు కలిపే చోట ఉండేవి) మార్చాలని ఉంది. తెలిసిన మెకానిక్ మాత్రం ఇంజిను దించకుండా ఆ పని ముట్టుకోవద్దంటున్నారు. మీరేమంటారు?

క్రాంక్‌పిన్:
మీ మెకానిక్ మాటే నాదీ. లిఫ్ట్ సంగతి పక్కన పెట్టండి. బేరింగు షెల్, అంటే సగం గొట్టంలా వంగిన పలక, ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. వెనుక ఉక్కు, దాని మీద రాగి, సీసం కలిసిన పొర, అన్నిటికంటే పైన సీసం, తగరం కలిసిన మెత్తటి పూత. ఆ పూత మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు, అంతే. ఆయిల్‌తో పాటు వచ్చే సన్నటి రేణువును తనలో ఇముడ్చుకోవడం దాని పని. ఫిల్టరులో రాగి కనిపించిందంటే ఆ పూత అరిగి, కింది పొర రాలుతోందన్న మాట. ఇక రేణువు వచ్చినప్పుడల్లా గీత పడేది క్రాంక్ మీదే.

ఇప్పుడు మీ జర్నల్, అంటే బేరింగులో తిరిగే క్రాంక్ గుండ్రటి భాగం, ఏ స్థితిలో ఉంది? 50 మిల్లీమీటర్ల జర్నల్‌కు, బేరింగుకు మధ్య ఉండాల్సిన ఖాళీ ఇంజిన్ను బట్టి 0.02 నుంచి 0.06 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వెల్లకిలా పడుకుని, ఆయిల్ కంట్లో కారుతుంటే ఆ కొలత ఎవరు తీస్తారు?

సాయంత్రం స్పానర్:
క్రాంక్‌పిన్ గారూ, నేను తీస్తాను. వెల్లకిలా పడుకునే తీస్తాను.

ప్లాస్టిగేజ్ అని సన్నటి ప్లాస్టిక్ దారం దొరుకుతుంది. జర్నల్‌ను, షెల్‌ను చుక్క ఆయిల్ లేకుండా తుడిచి, క్యాప్‌లో (రాడ్‌కు కింద బిగించే మూతలో) కూర్చున్న షెల్ మీద జర్నల్ పొడవునా చిన్న ముక్క పెట్టాలి. క్యాప్‌ను పూర్తి టార్క్‌కు బిగించి మళ్లీ విప్పాలి. ఈ మధ్యలో క్రాంక్ వెంట్రుకవాసి కూడా తిరగకూడదు. దారం నలిగి పట్టీలా పరచుకుంటుంది. కవరు మీద అచ్చువేసిన గీతలతో ఆ పట్టీ వెడల్పు పోల్చుకుంటే ఖాళీ ఎంతో తెలుస్తుంది. ఆకుపచ్చ దారం 0.025 నుంచి 0.075 మిల్లీమీటర్ల వరకు చూపిస్తుంది, మన అవసరానికి అదే సరిపోతుంది. పట్టీ ఒక కొసన వెడల్పుగా, మరో కొసన సన్నగా ఉంటే జర్నల్ ఏటవాలుగా అరిగిందని అర్థం.

ఇంజిను కారులోనే ఉంటే ఈ కొలత తప్పు చూపిస్తుందని కొందరు భయపెడతారు. క్రాంక్‌ను మోసే మెయిన్ బేరింగుల విషయంలో అది నిజం. క్రాంక్ బరువంతా కింది షెల్ మీద పడి దారాన్ని ఎక్కువ నలిపేస్తుంది, అందుకే క్రాంక్‌ను కింది నుంచి మెల్లగా ఎత్తి పట్టాలి. రాడ్ల దగ్గర ఆ ఇబ్బంది లేదు. పిస్టన్, రాడ్ బరువు పై షెల్ మీద ఆనుతుంది కాబట్టి ఖాళీ మొత్తం కింద క్యాప్ దగ్గరే దొరుకుతుంది.

లిఫ్ట్ వల్ల నడుముకు సుఖం. కొలత తీసే పని మాత్రం ఎక్కడైనా మనదే.

చిక్కటి ఆయిల్:
దీనికి ఇంత రగడ ఎందుకు? 20డబ్ల్యూ-50 పోసి హాయిగా నడపండి. శబ్దం లేదని మీరే అంటున్నారు కదా.

క్రాంక్‌పిన్:
చిక్కటి ఆయిల్ ప్రెషర్ ముల్లును కాస్త పైకి లేపుతుంది. రాలిపోయిన రాగిని తిరిగి అతికించదు.

నూనెమరక:
మీరిద్దరూ మైక్రాన్ల మీద పోట్లాడుకుంటున్నారు. మనిషి నలిగిపోయే చోటు గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

చాలా కార్లలో సంప్ కిందుగా సబ్‌ఫ్రేమ్ అనే చట్రం అడ్డం ఉంటుంది. అది దించితే గానీ సంప్ బయటికి రాదు. ఇంజిను మౌంటింగులు కూర్చునేది చాలా బండ్లలో దాని మీదే. అంటే సబ్‌ఫ్రేమ్ దించే ముందే ఇంజిన్ను పై నుంచి వేలాడదీయాలి. అందుకు రెండు ఫెండర్ల అంచుల మీద కూర్చునే సపోర్ట్ బార్ ఉంటుంది. దాని కొక్కేలను ఇంజినుకు ఉన్న లిఫ్టింగ్ కళ్లకే తగిలించాలి, ఏ బ్రాకెట్ కనిపిస్తే దానికి కాదు. సంప్ కింద చెక్కముక్క పెట్టి జాకీతో ఆపుదామనే ఆలోచన ఇక్కడ చెల్లదు, విప్పబోయేది ఆ సంప్‌నే.

స్టీరింగు ర్యాక్ సబ్‌ఫ్రేమ్‌తో పాటు దిగేదయితే కాలమ్ జాయింటు విడదీయాలి. విడదీయక మునుపే ముందు చక్రాలు తిన్నగా పెట్టి స్టీరింగును కదలకుండా కట్టేయండి. జాయింటు విడిపోయాక స్టీరింగు గిర్రున తిరిగితే ఎయిర్‌బ్యాగుకు కరెంటు తీసుకెళ్లే చుట్ట తెగుతుంది. వెనుక చక్రాలకు దిమ్మలు, కారు బరువు స్టాండ్ల మీద, పక్కన ఆసరాగా జాకీ. కిందికి దూరే ముందు కారును భుజంతో గట్టిగా ఊపి చూడండి. కదిలితే ఆ రోజుకు పని లేదు.

ఇంట్లో చేయవద్దని నేను అనను. ఒంటరిగా మాత్రం చేయవద్దు.

పాతబండి:
నా కారులో సబ్‌ఫ్రేమ్ సంప్ వెనుక భాగానికి అడ్డం వస్తుంది. పూర్తిగా దించనక్కర లేదు, కొంత వదులు చేస్తే చాలని సర్వీసు మాన్యువల్‌లో ఉంది. ఇంకొక సందేహం. రాగి పొడి బేరింగు నుంచే వస్తోందని నమ్మకంగా చెప్పగలమా?

సాయంత్రం స్పానర్:
మంచి ప్రశ్న. రాడ్ చిన్న కొసన, పిస్టన్ పిన్ను చుట్టూ ఉండే బుష్ కూడా చాలా ఇంజిన్లలో కంచుదే. టర్బో ఉంటే దాని బుష్‌లూ కంచువే. కాబట్టి ఫిల్టరు చూసి తీర్పు చెప్పలేం. ఆయిల్ నమూనాను ల్యాబుకు పంపితే రాగితో పాటు సీసం, తగరం కూడా పెరిగాయో లేదో తెలుస్తుంది. మూడూ కలిసి పెరిగితే అనుమానం బేరింగుల మీదికే పోతుంది. ఇప్పటి బేరింగుల్లో చాలా వాటిలో సీసమే ఉండదు, అల్యూమినియం, తగరం మిశ్రమంతో చేస్తారు. అందుకే మీ ఇంజినుకు ఏ రకం షెల్స్ వేశారో ముందు తెలుసుకోండి.

బవేరియా:
ఇంజిను దించాల్సిందే అనేవారు బీఎండబ్ల్యూ ఎం3 యజమానులను అడగాలి. 2007 నుంచి 2013 వరకు ఆ కారులో వచ్చిన ఎస్65 అనే వీ8 ఇంజిను రాడ్ బేరింగుల అరుగుదలకు పేరు మోసింది. ఎం5లోని వీ10 ఇంజిను ఎస్85దీ అదే కథ. వాటి యజమానులు శబ్దం వచ్చేదాకా ఆగరు, ముందుగానే షెల్స్ మార్పిస్తారు. ఇంజిన్ను పై నుంచి వేలాడదీసి, సబ్‌ఫ్రేమ్ దించి, సంప్ తీసి కింది నుంచే చేస్తారు. స్టాండ్ల మీద ఇంట్లో చేసుకున్నవారూ ఉన్నారు. ఇంజిను బయటికి రాదు, క్రాంక్ తన చోటు వదలదు. ఇంతమంది చేస్తున్న పని పాతబండి గారు చేస్తే ఎందుకు తప్పవుతుంది?

క్రాంక్‌పిన్:
మీ ఉదాహరణ నా వాదనకే పనికొస్తుంది. ఆ ఇంజిన్లలో బేరింగులు అరుగుతాయని అందరికీ ముందే తెలుసు, అందుకే జర్నల్ దెబ్బతినక ముందు మారుస్తున్నారు. పాతబండి గారి ఇంజినుకు అలాంటి పేరు లేకపోతే ఈ అరుగుదల ఎక్కడి నుంచో రావాలి. ఆయిల్‌లో కూలెంట్ కలుస్తోందా? పెట్రోలు కలిసి పలచబడుతోందా? ఆయిల్ పంపు జల్లెడలో ఎవరో ఎప్పుడో అతిగా పూసిన సీలెంట్ ముక్కలు ఇరుక్కున్నాయా? పెద్ద గేరులో తక్కువ వేగంతో ఎక్సలేటర్ అదిమే అలవాటు ఉందా? అది కూడా బేరింగును కొడుతుంది. కారణం అలాగే ఉంటే కొత్త షెల్స్ కూడా అదే దారి పడతాయి.

ఇంకొకటి. ఆయిల్ ముందు మెయిన్ బేరింగులకు వెళ్లి, క్రాంక్‌లోని రంధ్రాల గుండా రాడ్ జర్నల్‌కు చేరుతుంది. మెయిన్లు వదులైతే రాడ్లకు అందేది తగ్గుతుంది. మీరు కింది నుంచి రాడ్లు మార్చి మెయిన్లను వదిలేస్తే, సగం పని చేసి సంప్ మూసినట్టే.

సాయంత్రం స్పానర్:
కారణం వెతకమనడంలో మీతో నాకు తగాదా లేదు. సంప్ తీస్తేనే కదా జల్లెడ కనిపించేది! ఆ పనీ కింది నుంచే అవుతుంది. మెయిన్ క్యాప్ ఒకటి విప్పి కింది షెల్ చూడటం కూడా చాలా ఇంజిన్లలో సాధ్యమే. క్యాప్‌లన్నీ ఒకే ముక్కగా ఉన్న ఇంజిన్లకు ఆ వీలు ఉండదు, అక్కడ మీ మాట ఒప్పుకుంటాను.

నేను గీసుకున్న గీత వేరు. శబ్దం లేనంత వరకు ఇంట్లో చేయవచ్చు. వేడెక్కిన ఇంజిను వేగాన్ని కాస్త పెంచి వదిలేటప్పుడు లోతుగా టకటక వినిపిస్తూ, ఒక సిలిండరు ఇంజెక్టర్ ప్లగ్గు పీకగానే అది తగ్గుతుంటే మాత్రం ఆ జర్నల్ అప్పటికే దెబ్బలు తింటోంది. అప్పుడు షెల్స్ మార్చడం దండగ. బేరింగు తన గూటిలో తిరిగిపోయి ఉంటే రాడ్ గూడు కూడా గుండ్రంగా మిగలదు. దానికి మెషిన్ షాపు తప్పదు.

పాతబండి:
జర్నల్ మీద చిన్న గీతలు కనిపిస్తే సన్నటి ఎమెరీ పేపరుతో రుద్దవచ్చా?

క్రాంక్‌పిన్:
వద్దు. క్రాంక్ కారులో ఉండగా ఎమెరీ ముట్టుకోకండి. జర్నల్ మధ్యలో ఉండే ఆయిల్ రంధ్రంలోకి ఆ పొడి దిగుతుంది. ఇంజిను నడిచిన మొదటి నిమిషంలోనే అది మీ కొత్త షెల్ మీదికి వస్తుంది. గోరు అడ్డంగా పోనిచ్చి చూడండి. తగలకపోతే వదిలేయండి. గోరు ఆగితే సంప్ మూసి నా మాట వినండి.

సాయంత్రం స్పానర్:
ఇది మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం.

బోల్టుల గురించి కూడా చెప్పాలి. టార్క్ పెట్టి ఆ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమని మాన్యువల్ అంటే అవి సాగే బోల్టులు. సాధారణంగా వాటిని రెండోసారి వాడరు. ప్లాస్టిగేజ్ కొలతకు పాతవే వాడి, చివరి బిగింపుకు కొత్తవి తీయండి. కారు కింద ఇరుకులో 90 డిగ్రీలు ఒకే ఊపులో తిప్పడానికి చేయి ఆడదు. బోల్టు తల మీద, క్యాప్ మీద కలిపి పెయింటుతో గీత గీసుకుంటే రెండు మూడు ఊపుల్లో తిప్పినా లెక్క తప్పదు.

క్యాప్‌లను ఒకదానికొకటి మార్చకూడదు, తిప్పి పెట్టకూడదు. ఇప్పటి రాడ్లలో చాలా వాటిని ముందు ఒకే ముక్కగా చేసి తర్వాత విరగ్గొడతారు. విరిగిన ఆ గరుకు ముఖాలు రెండూ వాటికవే జత. ఆ ముఖాన్ని గీకవద్దు, సీలెంట్ తగలనివ్వవద్దు. షెల్ వెనుక, అది కూర్చునే గూడు పూర్తిగా పొడిగా ఉండాలి. లోపలి ముఖానికి మాత్రమే అసెంబ్లీ లూబ్ (బిగించేటప్పుడు పూసే కందెన) పూయాలి. బోల్టులు రాడ్‌కే నిలిచి ఉండే రకమైతే వాటికి రబ్బరు గొట్టం ముక్కలు తొడగండి. లేకపోతే రాడ్‌ను పైకి నెట్టేటప్పుడు మర జర్నల్‌ను గీసేస్తుంది.

నూనెమరక:
మొదటిసారి స్టార్టు చేసే ముందు ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేసి, ప్రెషర్ దీపం ఆరేదాకా స్టార్టరుతో కొద్దికొద్దిగా తిప్పండి. సంప్‌కు పూసిన సీలెంట్ ఆరడానికి దాని ట్యూబు మీద రాసినంత సమయం ఇచ్చారా అని అంతకు ముందే చూసుకోండి.

పాతబండి:
సరే. సంప్ తీసి, ముందు ఒక రాడ్ క్యాప్ విప్పి షెల్ చూస్తాను. అది బాగుంటే మిగతావాటి జోలికి వెళ్లను.

సాయంత్రం స్పానర్:
ఒక్కటి చూసి ఆపవద్దు. నాలుగూ విప్పండి. మూడు బాగుండి ఒకటే పోవడం మామూలే. విప్పిన షెల్స్‌ను సిలిండరు వారీగా, పైదీ కిందిదీ విడిగా అట్ట మీద పేర్చి ఫొటో పెట్టండి. పైషెల్ ఎక్కువ అరిగితే ఒక కారణం, పైది ఒక అంచున, కిందిది దానికి ఎదుటి అంచున అరిగితే రాడ్ వంగిందన్న అనుమానం వస్తుంది.

క్రాంక్‌పిన్:
నేను ఇంకా వద్దనే అంటున్నాను. చేసే తీరుతానంటే ప్లాస్టిగేజ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. అది ఖాళీ చెబుతుంది, జర్నల్ కోడిగుడ్డు ఆకారంలోకి మారిందో లేదో చెప్పదు. బయటి కొలతల మైక్రోమీటర్ తెచ్చుకోండి. అవి 25 మిల్లీమీటర్ల అంచెల్లో వస్తాయి. మీ జర్నల్ 48 అయితే 25 నుంచి 50 వరకు కొలిచేది కావాలి, 51 అయితే 50 నుంచి 75 వరకు కొలిచేది. కొనే ముందు మాన్యువల్ చూడండి. రాడ్‌ను పైకి నెట్టి, ఒక్కో జర్నల్‌ను రెండు కొసల దగ్గర కొలవండి. క్రాంక్ కొంత తిప్పి అవే చోట్ల మళ్లీ కొలవండి. అన్ని అంకెలూ ఇక్కడ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.