బోరోఫేగస్ కుక్కలు గుంపుగా వేటాడేవని ఎలా చెప్తున్నారు?

ఫాసిల్స్ గురించి చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త హెల్ప్ చెయ్యండి ప్లీజ్. ఉత్తర అమెరికాలో ఒకప్పుడు బతికిన బోరోఫేగస్ అనే కుక్కల గురించి వారం నుంచి చదువుతున్నా, వదలబుద్ధి కావట్లేదు. ఇవి సుమారు 20 లక్షల ఏళ్ళ కిందట అంతరించిపోయాయి, కోప్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1892లో పేరు పెట్టాడు, ఎముకల్ని కూడా కొరికి మింగేసేవి.

కాలిఫోర్నియాలో వీటి పెంట రాయిగా మారి దొరికితే దాని మీద 2018లో రీసెర్చ్ పేపర్ వచ్చింది, అందులో సరిగా అరగని ఎముక ముక్కలున్నాయంట. మన దుమ్ములగొండికి (దుమ్ము అంటేనే ఎముక కదా, ఎంత బాగా పెట్టారో పేరు) ఎముక దాదాపు మొత్తం అరిగిపోయి పెంట తెల్లగా పొడిలా వస్తుంది, దీనికి అలా కాదు. దుమ్ములగొండి ఎముక పగలగొట్టేది మూడో ప్రీమోలార్‌తో (కోరపన్నుకీ వెనక దవడ పళ్ళకీ మధ్య ఉండే పన్ను), బోరోఫేగస్ నాలుగో దాంతో.

నా డౌట్ ఏంటంటే, పెంట ఒకేచోట పోగుపడి ఉంది కాబట్టి గుంపుగా ఉండేవి, గుంపుగా వేటాడేవి అంటున్నారు. ఒక్క కుక్కే రోజూ అదే చోటికి వచ్చి ఉండొచ్చు కదా? ఒకటి కాదు చాలా అని ఎలా తేలుస్తారు? చచ్చినవాటిని తిన్నాయా, వేటాడి తిన్నాయా అనేది పళ్ళని బట్టి తెలుస్తుందా? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి, ఎంత పెద్దగా రాసినా చదువుతా.